పచ్చళ్ల సరుకు వేయడానికి ఎలక్ట్రిక్ మినీ ట్రక్ కొనొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ పటమట. ప్రైవేటు ఉద్యోగం, జీతం 42 వేలు. నా భార్య ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి షాపులకు వేస్తుంది. వారంలో రెండు రోజులు ఊళ్లో, ఒక రోజు గుంటూరు, తెనాలికి సరుకు వెళ్తుంది. ట్రాలీ ఆటోల కిరాయి నెలకు 9 వేల దాకా అవుతోంది. అమెరికాలో స్లేట్ అనే చవక ఎలక్ట్రిక్ పికప్ వస్తోందని వీడియోల్లో చూశాను. అలాంటి సాదా బండి ఒకటి ఉంటే సరుకుకూ, ఇంట్లో నలుగురం తిరగడానికీ పనికొస్తుంది కదా అనిపిస్తోంది. చేతిలో 2 లక్షలున్నాయి. మిగతాది లోన్ పెట్టి కొనమంటారా?

జవాబు: ఇప్పుడైతే వద్దండి. ఎలక్ట్రిక్ బండి మంచిది కాదని నేననడం లేదు. మీరు తిరిగే కిలోమీటర్లకు అది ఇంకా గిట్టుబాటు కాదు.

ముందు స్లేట్ సంగతి. రంగు వేయని బాడీ, చేత్తో తిప్పుకునే అద్దాలు, టచ్ స్క్రీన్ లేని డాష్‌బోర్డు... అనవసరమైనవన్నీ తీసేసి ధర తగ్గించాలన్న ఆ ఆలోచన నాకూ నచ్చింది. కానీ అది అమెరికా మార్కెట్ కోసం చేస్తున్న బండి. అక్కడి ప్రభుత్వ పన్ను రాయితీతో 20 వేల డాలర్లలోపే వస్తుందని మొదట చెప్పారు. ఆ రాయితీ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. మన డబ్బుల్లో ఇరవై లక్షలు దాటే బండి అది. దాని కోసం ఎదురుచూడకండి.

మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది టాటా ఏస్ ప్రో ఎలక్ట్రిక్. 750 కిలోలు మోస్తుంది, 2025 జూన్‌లో విడుదలైనప్పుడు ఎక్స్-షోరూమ్ ధర 6.50 లక్షలు. అయితే క్యాబిన్‌లో డ్రైవర్ కాక ఇంకొక్కరికే చోటు. పిల్లల్ని వెనక ట్రాలీలో కూర్చోబెట్టుకుని పెళ్లికో పేరంటానికో వెళ్దామనుకుంటే చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది కూడా అదే. కాబట్టి ఇంటి అవసరాన్ని ఈ లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. లైసెన్స్ గురించి మాత్రం టెన్షన్ వద్దు. కారు లైసెన్స్‌తో ఈ సైజు రవాణా బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఇప్పుడు డబ్బు చూద్దాం. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలిపి బండి రోడ్డెక్కేసరికి ఏడు లక్షలనుకుందాం. మీ 2 లక్షలూ కట్టేసి, 5 లక్షలు 11 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 10,870. ఇన్సూరెన్స్‌కు నెలకు 1,700 పక్కన పెట్టాలి. కరెంటుకు వెయ్యి. టైర్లు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఖర్చులు వేరే. నెలకు 14 వేలకు తగ్గదు. ఇప్పుడు మీరిస్తున్న 9 వేలలో డ్రైవర్ కూడా ఉన్నాడు, అది మర్చిపోవద్దు. షాపులవాళ్లు సరుకు దించుకునే వేళకు మీరు ఆఫీసులో ఉంటారు. మరి బండి ఎవరు నడుపుతారు?

ఎలక్ట్రిక్ బండిలో మిగులు కిలోమీటర్ల మీదే వస్తుంది. లీటరు పెట్రోలు 110 రూపాయలు, మైలేజీ 16 అనుకుంటే పెట్రోలు బండికి కిలోమీటరుకు దాదాపు 7 రూపాయలు. ఎలక్ట్రిక్‌కు యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా ఒకటిన్నర. అంటే కిలోమీటరుకు ఐదు రూపాయల పైనే మిగులు. కానీ ఇదే ఏస్ ప్రో పెట్రోలు బండి విడుదల ధర 3.99 లక్షలు. ఆ రెండున్నర లక్షల తేడా రాబట్టడానికి 46 వేల కిలోమీటర్లు తిరగాలి. 2025 సెప్టెంబరులో పెట్రోలు గూడ్స్ బండ్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఎలక్ట్రిక్‌కు 5 శాతమే కొనసాగింది. దాంతో తేడా ఇంకాస్త పెరిగింది. మీరు రాసిన ట్రిప్పుల్ని బట్టి నా అంచనాలో మీ తిరుగుడు నెలకు 650 కిలోమీటర్లు. వడ్డీ కలపకుండానే ఆరేళ్లు పడుతుంది! రోజూ 80 కిలోమీటర్లు తిరిగే వాటర్ క్యాన్ల వ్యాపారికో, పాల ఏజెంటుకో అయితే రెండేళ్లలోపే తేలిపోతుంది. వాళ్లు అడిగితే తీసుకోమనే చెప్తాను.

ఇంకో రెండు విషయాలు మీ ఊరివి. కంపెనీ చెప్పే రేంజ్ 155 కిలోమీటర్లు. లోడుతో, ఎండల్లో 100, 110 వస్తే అదే ఎక్కువనుకోవాలి. విజయవాడలో బయల్దేరి గుంటూరు, తెనాలి చుట్టుకొచ్చేసరికి వంద దగ్గరకొస్తుంది. ఆ రోజు బండి నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీద కన్నా చార్జింగ్ మీటరు మీదే ఉంటాయి. పైగా ట్రాలీ ఆటోకు ఏం వచ్చినా ఆటోనగర్‌లో సాయంత్రానికల్లా బాగుచేసిస్తారు, దీనికి కంపెనీ సర్వీసు సెంటరే దిక్కు. రెండోది, 2024 సెప్టెంబరు బుడమేరు వరద. సింగ్‌నగర్ వైపు నీళ్లలో నానిన బండ్లను మీరూ చూసే ఉంటారు. ఎప్పుడు కొన్నా సరే, థర్డ్ పార్టీతో సరిపెట్టకుండా సొంత డ్యామేజీ పాలసీ తీసుకోండి, బ్యాటరీలోకి నీళ్లు పోతే కవరవుతుందా అని రాతపూర్వకంగా అడగండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చార్జింగ్ పెట్టుకునేట్టయితే అసోసియేషన్ అనుమతి, మీ మీటరు నుంచి విడిగా లైను ఉండాలి.

ఆ 2 లక్షల జోలికి మాత్రం వెళ్లకండి. మీ జీతానికి అది ఐదు నెలల భరోసా, అంతకు మించి మీకు వేరే ఆధారం ఉన్నట్టు ఉత్తరంలో కనిపించలేదు. దాన్ని ఎఫ్‌డీలో ఉంచండి. ఇప్పటి కిరాయి కన్నా సొంత బండికి అదనంగా అయ్యే ఐదు వేలను నెలనెలా ఆర్‌డీలో వేయండి. ఏడాదికి 60 వేలవుతుంది. ఒక్క నెల కూడా తప్పకుండా కట్టగలిగారంటే లోన్ మోయగలరని మీకే తెలుస్తుంది. నున్న మార్కెట్ నుంచి మామిడికాయలు, గుంటూరు నుంచి మిర్చి తెచ్చుకునే సీజన్‌తో సహా ఏడాదంతా ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎంత కిరాయి అన్నది మీ భార్యతో నోట్‌బుక్‌లో రాయించండి.

నెలకు 1,500 కిలోమీటర్లు దాటి, డ్రైవర్ ఎవరో ఖాయమైతే అప్పుడు షోరూమ్‌కు వెళ్లండి. డెమో బండి అడిగి, మీ పచ్చళ్ల డబ్బాలే ఎక్కించి గుంటూరు, తెనాలి రౌండు పూర్తిగా కొట్టి రండి. ఇంటికి చేరేసరికి చార్జింగ్ 20 శాతం పైన మిగిలి ఉంటేనే అడ్వాన్సు ఇవ్వండి.