కడుపులో బిడ్డకు వచ్చేది 'అంటు' అవుతుందా?

సందేహం: "మా కోడలికి ఆరో నెల. చెకప్‌కి తోడు వెళ్లినప్పుడు ఆస్పత్రి గోడమీద 'తల్లి నుంచి బిడ్డకు సంక్రమించే అంటువ్యాధులు' అని చూశాను. చేతికిచ్చిన కరపత్రంలో అదే సంగతిని ఒకచోట 'వంశపారంపర్యంగా వచ్చే హెపటైటిస్‌-బి' అని, ఇంకోచోట 'నిలువు ప్రసారం' అని రాశారు. సంక్రమించేది ఆస్తి కదండీ? కడుపులో ఉన్న బిడ్డకు అంటేదేమిటి? 'సోకే' అంటే చాలదా?" (ఒక రిటైర్డ్ టీచరు, బ్రాడీపేట, గుంటూరు)

సమాధానం: అమ్మా, ముందు నా కోపం తీర్చుకోనివ్వండి. నిలువు ప్రసారమట! ప్రసారాలు చేసేది మా విజయవాడ రేడియో స్టేషను. పైతరం నుంచి కిందితరానికి దిగేదాన్ని ఇంగ్లీషువాళ్లు 'వర్టికల్' అన్నారు. మనవాళ్లు డిక్షనరీ తెరిచి, కంటికి ఆనిన మొదటి అర్థం ఎత్తి రాసేశారు. 'వంశపారంపర్యం' అంతకన్నా చెడ్డ తప్పు. తలసీమియా అనే రక్తపు జబ్బు వంశపారంపర్యం, ఎందుకంటే అది తల్లిదండ్రుల జన్యువుల్లోనే ఉంది. హెపటైటిస్‌-బి వైరస్ వల్ల వచ్చే కాలేయపు జబ్బు. తల్లికి ఉంటే ఎక్కువగా కాన్పు సమయంలో బిడ్డకు చేరుతుంది. అందుకే పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు టీకా వేస్తారు. 'వంశంలో ఉంది' అని చదివిన ఇంటివాళ్లు మన రాత ఇంతే అనుకుని ఊరుకుంటే ఆ టీకా గతేమిటి?

'సంక్రమించు' మాటకొస్తే గోడ రాసినవాణ్ణి తప్పుపట్టలేను. క్రమ్ అంటే అడుగు వేయడం. సూర్యుడు ధనుస్సు దాటి మకరంలో అడుగుపెడితే మకర సంక్రమణం, తాతగారి పొలం మనవడి పేరుకు దాటితే అదీ సంక్రమణమే. హెచ్‌ఐవి తల్లి నుంచి బిడ్డకు కడుపులో ఉండగానే దాటవచ్చు, కాన్పులో దాటవచ్చు, చనుబాల ద్వారానూ దాటవచ్చు. ఈ మూడింటికీ ఒక్క మాట చాలింది. 'సంక్రమణకు గురికాబడుట' వంటివి మాత్రం రాయకండి. 'సోకు' మంచి తెలుగు. గాలీ సోకుతుంది, దయ్యమూ సోకుతుంది (పాత తెలుగులో సోకు అంటే రాక్షసుడే. ముస్తాబు చేసుకునే సోకు వేరు, అది ఉర్దూ దారిన వచ్చిన షోకు). అసలు తెలుగులో రోగానికో క్రియ ఉంది. జలుబు చేస్తుంది, పడిశం పడుతుంది, ఆటలమ్మ పోస్తుంది, వడదెబ్బ తగులుతుంది. ఇప్పుడన్నీ 'ఇన్‌ఫెక్ట్' అవుతున్నాయి.

ఇక 'అంటు'. మీరు అడిగినదాంట్లో నాకు నోరూరించినది ఇదే. ఇది అచ్చమైన ద్రావిడ ధాతువు. కన్నడంలో అంటు అంటే అతుక్కోవడం, జిగురు కూడా. తమిళంలో అండు అంటే దగ్గరికి రావడం. మనకు తలకు నూనె అంటితే తలంటు, మెతుకులు అంటిన గిన్నెలు అంట్లు, కొంపకు నిప్పంటుకుంటుంది. ఇవన్నీ పైపైన తాకేవే, కడుపులో బిడ్డకు చెల్లవని మీ అభ్యంతరం. కానీ మామిడి అంటు సంగతి మరిచారు!

నూజివీడు తోటల వైపు మా అమ్మమ్మగారి ఊరు. అక్కడ పాత పద్ధతిలో అంటు కట్టడం చిన్నప్పుడు చూశాను. టెంక నుంచి మొలిచిన మొక్కను కుండీతో సహా చెట్టు కొమ్మ దగ్గరికి చేరుస్తారు. ఆ చెట్టును తల్లిచెట్టు అనే అంటారు. కొమ్మనూ మొక్కనూ ఒక పక్క చెక్కి, చెక్కిన చోట రెంటినీ ఆనించి నారతో బిగించి కడతారు. రెండు మూడు నెలలకు అతుకు కలిశాక కొమ్మను తల్లిచెట్టు నుంచి కోసి వేరుచేస్తారు. తమిళంవాడి 'దగ్గరికి రావడం', కన్నడంవాడి 'అతుక్కోవడం' రెండూ ఆ ఒక్క కట్టులో ఉన్నాయి. కోసేదాకా ఆ కొమ్మకు తల్లి రసమే ఆధారం. తల్లిచెట్టుకు వైరస్ తెగులు ఉంటే అంటుకూ దిగుతుంది. ఇంతకంటే కడుపులో బిడ్డకు దగ్గరి పోలిక నాకు తట్టలేదు. పైగా బిడ్డను తల్లికి అతికి ఉంచేదాని పేరు తెలుగులో మావి (కొందరు మాయ అంటారు), మామిడి పేరూ మావే! ఇవి రెండూ ఒకే మాట కాదు, పలకడంలో కలిశాయంతే. అయినా ఈ వయసులో ఆ మాత్రం సరదా పడనివ్వండి. పాఠ్యపుస్తకాలవాళ్లకు మావి ఆనలేదు, జరాయువు కావాల్సి వచ్చింది.

ఇంతా చెప్పి, 'అంటువ్యాధి' ఉంచమని తీర్పు ఇవ్వడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ఒంటిమీద దద్దుర్లు లేచే రుబెల్లా జబ్బునే చూడండి. అది తల్లికి పక్కవాళ్ల దగ్గు, తుమ్ముల నుంచి అంటుతుంది, ఆమె నుంచి బిడ్డకు మావి దాటి పోతుంది. పుట్టుకతోనే కళ్లలో శుక్లాలున్న పసివాళ్లను చూసి, వాళ్ల తల్లులకు గర్భంతో ఉండగా రుబెల్లా వచ్చిందని 1941లో గుర్తుపట్టినవాడు నార్మన్ గ్రెగ్ అనే ఆస్ట్రేలియా కంటి డాక్టరు. జబ్బు ఒకటే. తల్లి విషయంలో అంటు, బిడ్డ విషయంలో సంక్రమణం అని విడదీయవచ్చేమో. ఇంకో చిక్కు ఉంది. అంటు, ముట్టు, మైల అని ఆడవాళ్లను మూలన కూర్చోబెట్టిన చరిత్ర మనది. హెపటైటిస్‌-బి, హెచ్‌ఐవి తాకితేనో కలిసి తింటేనో వచ్చేవి కావు. అయినా గోడమీద 'అంటు' చదివిన అత్తగారు ఇంటికెళ్లి కోడలి కంచం వేరు పెడుతుంది (మిమ్మల్ని కాదు లెండి).

ఇంట్లో మాట్లాడేటప్పుడు మీరన్నట్టు 'సోకే జబ్బులు' అనండి, హాయిగా ఉంటుంది. గోడమీది వాక్యాన్ని పూర్తిగా చెరిపించక్కర్లేదు. 'అంటు' మీద కాస్త సున్నం పూస్తే చాలు, మిగతాది నిలబడుతుంది.