అటక మీది పాతవస్తువులు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా మేనమామ గారి పాత ఇల్లు ఖాళీ చేస్తుండగా అటక మీద ఒక తోలుబొమ్మ, ఎర్రచందనపు మరపాచి బొమ్మల జంట, ఇత్తడి ఆకుపెట్టె, అడకత్తెర దొరికాయి. ఇటువంటివి మరికొన్ని సేకరించాలని ఆశగా ఉంది. వీటిని శుభ్రం చేయించవచ్చునా? ఎలా దాచుకోవాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, కావలి

సమాధానం: శుభ్రం చేయడానికి ముందు ఒక నోటుపుస్తకం తీసుకొని మీ మేనమామ గారి పక్కన కూర్చోండి. ఏ వస్తువు ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరి పెళ్ళికి వచ్చింది, తోలుబొమ్మ ఆ ఇంటికి ఎలా చేరింది అన్నవి ఆయన చెప్పినది చెప్పినట్టు రాసుకోండి. పెద్దలతోపాటు పోయే ఆ వివరాలను ఏ నిపుణుడూ తిరిగి తేలేడు.

ఆకుపెట్టె మూత మీద, అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఉన్నాయేమో ఏటవాలు వెలుతురులో చూడండి. పాత్రల మీద పేర్లు కొట్టించే ఆచారం మన ఇళ్ళలో ఉండేది కనుక ఇచ్చినవారి పేరో, ఇంటిపేరో, ఒక్కోసారి సంవత్సరమో అక్కడ దొరుకుతుంది. మా నాయనమ్మ గారి ఆకుపెట్టెను మెరుగు పెట్టించడానికి ఇస్తే, ఆమ్లంలో ముంచి, తిరిగే చక్రం మీద అరగదీసి, అద్దంలా మెరిపించి ఇచ్చారు. ఆమె పేరు మాత్రం మూత మీద లేకుండా పోయింది. ఆ బాధతోనే చెబుతున్నాను, పాత ఇత్తడిని చింతపండుతో కూడా తోమవద్దు. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలును.

తోలుబొమ్మకు ఎక్కువ జాగ్రత్త అవసరం. వెలుగు అవతలికి కనిపించేంత పలుచగా గీకిన మేకతోలుకు రెండు వైపులా రంగులు వేసి, నగలకూ బట్టల అంచులకూ రంధ్రాలు పొడిచి, భుజం, మోచేయి కదిలేలా ముక్కలను కుట్టి ఈ బొమ్మలు చేస్తారు. తడి తగిలితే తోలు ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకొంటుంది, రంగు చెదురుతుంది. పాత బొమ్మల మీద నల్లటి పొర కనిపిస్తే అది ఆముదపు దీపాల మసి కావచ్చును; ఆ బొమ్మ నిజంగా తెర మీద ఆడిందనడానికి అది ఆనవాలు, దానిని కడగకండి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, రెండు నూలుగుడ్డల నడుమ పరచి ఉంచండి, చుట్టకండి, మడవకండి. ఈశాన్య రుతుపవనాల కాలంలో సముద్రపు తేమ మన తీరాన్ని వదలదు కనుక బయటి గోడకు ఆనించిన బీరువా పనికిరాదు. ఎండలో ఆరబెట్టినా రంగు వెలుస్తుంది. బొమ్మ రాముడో, హాస్యపాత్రలైన జుట్టుపోలిగాడో, బంగారక్కో తేల్చుకోవాలంటే బొమ్మలాట కుటుంబాల పెద్దలను అడగండి. ఈ విద్య ఇంకా బతికే ఉంది. 2020లో నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి దీనికే పద్మశ్రీ వచ్చింది.

మరపాచి బొమ్మలకు వార్నిషు వేయకండి. చుట్టూ సన్నని పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఉన్నట్టే. వాటిని వెంటనే మిగిలిన వాటి నుంచి వేరు చేయండి.

ప్రశ్న: ఒక వ్యాపారి రెండు వందల ఏళ్ళ నాటిదని చెప్పి గుండ్రటి కొయ్య పెట్టెను, రథానికి చెందిన చెక్కడపు పలకను చూపాడు. కొనవచ్చునా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: తరిమెన (కొయ్యను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టిన కొయ్య కాలం గడిచేకొద్దీ నారకు అడ్డంగా ఎక్కువగా కుంచించుకొంటుంది. కనుక పాత పెట్టె మూతను అటూ ఇటూ కొలిస్తే రెండు కొలతలూ కొద్దిగా తేడాగా రావాలి. కచ్చితమైన వృత్తం వస్తే అనుమానించండి. అరుగుదల చేయి పట్టే చోట ఉండాలి గాని అంతటా ఒకేలా ఉండకూడదు.

రథపు పలకను మాత్రం ముట్టవద్దు. అది ఏ గుడిదో, ఎవరు విప్పారో కాగితం మీద తేలనంత వరకు దొంగసొత్తు కాదని నమ్మడానికి వీలులేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువు పురావస్తువు అవుతుంది. శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువ గల రాతప్రతులకు డెబ్బై అయిదేళ్ళు చాలును. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, ప్రభుత్వం ప్రకటించిన రకాలను నమోదు చేయించాలి, వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. కనుక మొదట లైసెన్సు చూపమని అడగండి. ఏనుగు దంతపు వస్తువుల జోలికి అసలే పోవద్దు. వన్యప్రాణి చట్టం ఆ వ్యాపారాన్ని నిషేధించింది.

ప్రశ్న: నేను విద్యార్థిని. పాతవి కొనే స్తోమత లేదు. సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

సమాధానం: మీకు దగ్గరలోనే ఉదయగిరి ఉంది. అక్కడి చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు (జి.ఐ. ట్యాగు) కూడా ఉంది. తయారుచేసేవారి ఇంటికే వెళ్ళి, పని చూసి, బేరమాడకుండా రెండు చెంచాలు కొనండి. ఏ చెట్టు కొయ్య, ఎవరు చెక్కారు, ఏ తేదీన కొన్నారు అన్నవి చిన్న చీటీ మీద పెన్సిలుతో రాసి నూలుదారంతో కట్టండి; జిగురుతో అంటిస్తే కొయ్య మీద మరక మిగులుతుంది.