పేజీన్నర నియమాలు, జేబు లేని యూనిఫాం

స్త్రీపురుషుల శరీరాలు వేరైనప్పుడు ఉద్యోగంలోనూ ఆటలోనూ దుస్తుల నియమాలు వేరుగా ఉంటే తప్పేమిటని మీరు అడిగారు. కొలతలూ కుట్టూ వేరుగా ఉండటంపై నాకు అభ్యంతరం లేదు. అయితే ఒక హోటల్ రిసెప్షన్‌లో ఆరేళ్లు పనిచేశాక, ఆ తేడాల్లో చాలావరకు శరీరాన్ని బట్టి కాక చూసేవారి కంటిని బట్టి వచ్చినవేనని నాకు అర్థమైంది.

మా నియమావళిలో మగవారికి నాలుగే వాక్యాలు ఉండేవి. ఆడవారికి పేజీన్నర: రెండంగుళాలకు తగ్గని మడమల చెప్పులు, లిప్‌స్టిక్ రంగు, జడ కాకుండా ముడి, ఇలా సాగేది. వంటగదిలో మాత్రం తలకు టోపీ పెట్టుకోవాలన్న నియమం ఒక్క వాక్యమే, అదీ అందరికీ. ఆహారంలో వెంట్రుక పడకూడదన్న కారణం స్పష్టంగా ఉన్నచోట ఆడా మగా అన్న ప్రశ్నే రాలేదు.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది జేబు. మగవారి కోటుకూ ప్యాంటుకూ కలిపి ఆరు జేబులుంటే, నడుము దగ్గర ఉబ్బెత్తుగా కనిపిస్తుందని మా యూనిఫాంకు ఒక్కటీ పెట్టలేదు. ఒక రాత్రి డ్యూటీలో, అతిథి పెట్టె అందుకోవడానికి చేతిలోని మాస్టర్ కీని కౌంటర్ మీద పెట్టి, పావుగంట దాకా ఆ సంగతే మరిచిపోయాను. కీ ఎక్కడికీ పోలేదు గానీ మెమో మాత్రం వచ్చింది. అందులో నా అజాగ్రత్త గురించి రాశారు, జేబు ఊసు లేదు. చివరకు సొంత ఖర్చుతో లోపలివైపు ఒక జేబు కుట్టించుకున్నాను. దర్జీకి అది పది నిమిషాల పని.

మడమల విషయంలో నాది వింత కథేమీ కాదు. లండన్‌లో ఎత్తు మడమలు లేని బూట్లతో వచ్చినందుకు నికోలా థోర్ప్ అనే రిసెప్షనిస్టును జీతం ఇవ్వకుండా ఇంటికి పంపిన సంగతి 2016లో బయటపడింది, ఆమె పిటిషన్‌పై లక్షన్నర మందికి పైగా సంతకాలు చేశారు.

ఆటలో ఇది మరింత బాహాటంగా కనిపిస్తుంది. బ్యాడ్మింటన్ ప్రపంచ సమాఖ్య 2011లో అగ్రశ్రేణి పోటీల్లో మహిళలు స్కర్టు వేసుకోవాలని, షార్ట్స్ కావాలంటే దాని కిందే వేసుకోవాలని ప్రకటించింది. ఉద్దేశం ఆట ఆకర్షణీయంగా కనిపించడమేనని దాచుకోలేదు కూడా. నిరసనల మధ్య మరుసటి ఏడాది ఆ నియమాన్ని వదిలేసింది. 2021లో బీచ్ హ్యాండ్‌బాల్ యూరోపియన్ పోటీల్లో బికినీ అడుగుభాగానికి బదులు షార్ట్స్ వేసుకున్నందుకు నార్వే మహిళల జట్టుకు 1,500 యూరోల జరిమానా పడింది. అదే ఇసుకలో అదే ఆట ఆడే పురుషులు షార్ట్స్‌తోనే ఆడేవారు కనుక, బికినీకీ ఆటకూ సంబంధం ఉందనడం కష్టం. ఆ ఏడాదే అంతర్జాతీయ సమాఖ్య నియమం మార్చింది.

మగవారికి బాధలు లేవని కాదు. 2017 వేసవిలో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో, షార్ట్స్‌కు అనుమతి లేని బస్సు డ్రైవర్లు, తోటి ఉద్యోగినులకు అనుమతించిన స్కర్టులనే వేసుకుని వచ్చారు. ఆ వార్త చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను, ఎండలో వారి కష్టం చిన్నదేమీ కాకపోయినా.

మీ కార్యాలయంలో నియమావళి రాస్తున్నట్లయితే, ప్రతి నిబంధన పక్కన అది ఏ పనికి అవసరమో ఒక్క ముక్కలో రాయమని అడగండి; రాయలేనివాటిని కొట్టేయవచ్చు. నేనిప్పుడు పర్యవేక్షకురాలిని. యూనిఫాం నమూనా నా దగ్గరకు వచ్చినప్పుడు మొదట జేబులో చెయ్యి పెట్టి, అందులో కీ పడుతుందో లేదో చూస్తాను.