గని దిగని అమ్మాయికి

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన కాగితాలన్నీ చదివాను. నాన్నగారు బెల్లంపల్లి సింగరేణి బొగ్గుగనిలో రిటైరై మన కోనసీమకి వచ్చేశాక, ఆ కంపెనీ క్వార్టర్‌లో గడిచిన రోజులు ఇంట్లో ఎవరికీ గుర్తుండవేమోనని భయమేసి రాయడం మొదలెట్టానన్నావు. అంతకంటే మంచి కారణం అక్కర్లేదు. పుస్తకం అవుతుంది. కానీ ఇప్పుడున్న వరసలో కాదు.

నువ్వు గనిలోకి దిగడంతో మొదలెట్టావు. చీకటి, టోపీకి లైటు, పైకప్పు పెళపెళలు, మృత్యువు నీడ. భాష బాగానే ఉంది, నమ్మకం మాత్రం కుదరలేదు. ఎందుకంటే నువ్వు గని దిగలేదు. అప్పట్లో దిగి పనిచేసే వీలూ లేదు. ఆడవాళ్ళని భూగర్భ గనుల్లో పనికి పెట్టుకోకూడదని 1952 నాటి గనుల చట్టం చెప్పింది. 2019లో గానీ కేంద్రం దాన్ని సడలించలేదు, అదీ సాంకేతిక, సూపర్‌వైజర్ స్థాయి ఉద్యోగాలకి, పగటి వేళల్లోనే. అంటే మీ అమ్మగారు, నువ్వు, మీ అక్క, ఆ వరస క్వార్టర్లలోని ఆడవాళ్ళందరూ ఆ బొగ్గు మీదే బతికారు, దాన్ని తవ్వే చోటు మాత్రం చూడలేదు. మరి వాళ్ళకి గని ఎలా తెలిసింది? సైరన్ వల్ల తెలిసింది. ఉతికినా నలుపు వదలని డ్యూటీ బట్టల వల్ల తెలిసింది. నాన్న ఏ వారం ఏ షిఫ్టులో ఉన్నాడన్న లెక్క వల్ల తెలిసింది. నువ్వు రాయాల్సింది ఆ గని గురించి. మొదటి అధ్యాయం మొత్తం తీసెయ్. బాధపడకు, అది పోయినా పుస్తకానికి ఏ లోటూ రాదు.

నైట్ షిఫ్ట్ వారం గురించి మధ్యలో ఎక్కడో ఒక్క పేజీ రాశావు. నా దృష్టిలో నీ పుస్తకం అక్కడ మొదలవుతుంది. నాన్నగారు పొద్దున్నే వచ్చి, స్నానం చేసి, తిని పడుకుంటే ఇల్లంతా గొంతు తగ్గించుకునేది. అమ్మగారు కుక్కర్ విజిల్ వేయకముందే దింపేసేవారు. కూరలబ్బాయి అరవకుండా గుమ్మంలోంచే చెయ్యి ఊపేవారు. మీరు తుండుగుడ్డ పరిచి దాని మీద చింతగింజలు వేసి అష్టాచెమ్మా ఆడేవారు. ఆ తుండుగుడ్డ గురించి చదివి నేను కాగితాలు పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. గని ఎంత కష్టమో నువ్వు వర్ణించి చెప్పిన పేజీల్లో ఏదీ నాకు ఇంతగా అందలేదు. చప్పుడు చెయ్యకుండా ఆడుకోవడం ఐదారేళ్ళ పిల్లలకి ఎవరు నేర్పారు? తిట్లు తినేవారా? ఒకరోజు విజిల్ పడిపోతే ఏమయ్యేది? ఇంకా రాయి.

సెకండ్ షిఫ్ట్ వారం గురించి ఏమీ రాయలేదేం? ఆలోచించు. నువ్వు బడి నుంచి వచ్చేసరికి ఆయన పనిలో ఉంటారు. ఆయన వచ్చేసరికి నువ్వు నిద్రలో ఉంటావు. వారమంతా నాన్న ముఖం సరిగా చూసే ఉండవు. ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం ఎవరు పెట్టారు? నీకు జ్వరం వస్తే ఆయనకి ఎప్పుడు తెలిసేది? అమ్మగారు రాత్రి అన్నం వడ్డించి ఎదురుచూస్తూ ఏం చేసేవారు? ఇవి నాన్నగారిని అడిగితే దొరకవు, అమ్మగారిని అడగాలి. ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూలా అడగొద్దు. కొబ్బరి కోరుతున్నప్పుడో, పప్పు ఏరుతున్నప్పుడో పక్కన చేరు. కంపెనీ ఇచ్చిన బొగ్గుతో పొయ్యి ఇంటి బయట అంటించి, పొగ పోయాక లోపలికి తెచ్చుకునేవారని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ పొగ ఎవరింట్లోకి పోయేది, ఎవరు ఎవరితో గొడవపడేవారు, గ్యాస్ వచ్చిన రోజు ఎలా ఉంది, అన్నీ ఆవిడకే తెలుసు.

చరిత్ర గురించి రెండు మాటలు. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనుక్కున్న దగ్గర్నుంచి నాలుగు పేజీలు రాశావు. నాలుగు వాక్యాలకి కుదించు. ఒక తప్పు కూడా ఉంది. 1973లో బొగ్గు గనుల్ని జాతీయం చేశాక సింగరేణి ప్రభుత్వం చేతికొచ్చిందన్నావు. కాదమ్మా, 1945లోనే నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటా కొనేసింది. అలాగే నీ చిన్నప్పటి ఊరుని మంచిర్యాల జిల్లా అనకు. ఆ జిల్లా 2016లో వచ్చింది. అప్పటికి అది ఆదిలాబాదే.

ఇక నువ్వు తప్పించుకున్న చోటు. బెల్లంపల్లిలో మీది కోనసీమ నుంచి వెళ్ళిన కుటుంబం. ఇంట్లో మన అండీలు, గుమ్మం దాటితే వాళ్ళ తెలంగాణ మాట. నీ రాతలో పక్కింటావిడ కూడా అచ్చం రాజోలు మనిషిలా మాట్లాడుతోంది! ఆవిడ మాట ఆవిడకి ఇచ్చెయ్. నువ్వు బతుకమ్మ ఆడుకున్నదీ ఆవిడ వాకిట్లోనే కదా. దానికంటే పెద్ద విషయం, 2011 సెప్టెంబరు 13న ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై సింగరేణి కార్మికులు పని ఆపేసిన రోజుల్ని ‘ఆ రోజులు కొంచెం టెన్షన్‌గా గడిచాయి’ అని సరిపెట్టేశావు. నాన్నగారు అందరితో పాటు ఆగారా? ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు, మన ఊరి నుంచి ఫోన్ చేసిన వాళ్ళు ఏమన్నారు, పక్కింటావిడ గిన్నెతో కూర పంపడం మానేసిందా, ఎప్పట్లాగే పంపిందా? ఎవరికైనా బాధ కలుగుతుందని భయపడకు. ఎవరు మంచి, ఎవరు చెడు అని తీర్పు చెప్పకుండా, ఆ వంటింట్లో నుంచుని ఏం కనబడిందో అది రాస్తే ఇక్కడివాళ్ళూ చదువుతారు, అక్కడివాళ్ళూ చదువుతారు. తెలుగులో ఇది రాయగల ఇళ్ళు చాలా తక్కువ. మీది ఒకటి.

మొన్న ఫోన్‌లో మాటల మధ్య తుపాను సంగతి చెప్పావు. కాగితాల్లో అది లేనే లేదు! 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ ఎలా ఉందో నాకు తెలుసు. తెల్లారేసరికి కొబ్బరి తోటలు నేలమట్టమై ఉన్నాయి, మనుషులే వెయ్యి మందికి పైగా పోయారు. ఆ వారం బెల్లంపల్లిలో మీ నాన్నగారు తాతగారి కబురు తెలియక డ్యూటీకి పోయి వస్తూ గడిపారన్నావు. ఎప్పుడూ ఊళ్ళో ముసలివాళ్ళు గనిలో ఉన్న కొడుకు కోసం భయపడేవారు. ఆ వారం గనిలో ఉన్న కొడుకు ఊళ్ళో వాళ్ళ కోసం భయపడ్డాడు. దీనికి ఒక పూర్తి అధ్యాయం ఇవ్వు. కబురు ఎవరు తెచ్చారు, ఎన్నాళ్ళకి, ఆయన ఆ మాట విన్నప్పుడు ఏ బట్టల్లో ఉన్నారు, కనుక్కో.

చివర్లో గోదావరి రెండు ఊళ్ళనీ కలిపిందని రాశావు. మంచిర్యాల పక్క నుంచి పారే నది ధవళేశ్వరం దాటి మన దగ్గరికే వస్తుంది, నిజమే. ఆ బొగ్గు కూడా ప్రాణహిత గోదావరి లోయలోదే. కానీ మీ నాన్నగారిని అక్కడికి పంపింది లంకలో ఏటి కోతకి పోయిన మీ పొలం. ఆ నదే తీసేసుకుంది. ఆ కోపం తాతగారికి ఉండి ఉంటుంది, అది నీ రాతలో కనబడలేదు. నది గురించి అందమైన పేరా కొట్టేసి, కాజీపేటలో రైలు మారి, రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సులో ఊరు చేరే ప్రయాణం రాయి. తిరిగి బెల్లంపల్లి పోయేటప్పుడు ఆవకాయ జాడీ, కొబ్బరికాయల మూట. వచ్చేటప్పుడు ఏం తెచ్చేవారో నువ్వే చెప్పాలి.

నైట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్ భాగాలు ముందు తిరగరాసి పంపు, మిగతావాటి తొందర లేదు. చేత్తో రాసినా ఫరవాలేదు. అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి. సంక్రాంతికి మీ వాళ్ళతో జగ్గన్నతోట తీర్థానికి వస్తే ఇటు రండి. నాన్నగారితో నాకు తాతగారి పొలం గురించి మాట్లాడాల్సింది ఉంది.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు