గండి పడిందా, కొట్టారా?

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు వార్తలూ చదివాను. మూడింటి హెడ్డింగుల్లోనూ గండి ఉంది. కాలువకు గండి, మున్సిపల్ ఆదాయానికి గండి, విద్యార్థుల భవితకు గండి. మొదటిది అచ్చమైన గండి. రెండోదీ ఒప్పుకుంటాను. మూడోది మాత్రం నా మనసుకు ఎక్కలేదు.

గండి అంటే దారి, సందు. పెన్నా కొండల్ని చీల్చుకుని పారే చోటు గండి, దాని పక్కన కట్టిన కోట గండికోట. పేపర్లో మనం రోజూ రాసేది మాత్రం కట్టకు పడే గండి. అది ఎలా పడుతుందో దగ్గరుండి చూశావా? ముందు కట్ట వెనకవైపు, అడుగున చెమ్మ తేలుతుంది. అది ఊట. నీళ్లు తేటగా వస్తున్నంతసేపు రైతులు అంతగా కంగారు పడరు. బురదగా మారాయంటే లోపలి మట్టి కోసుకుని వస్తోందన్నమాట. బుంగ పడిందని కేకలు వేస్తారు, ఇసుక బస్తాలు మోస్తారు. బస్తాలు అందకపోతే పైమట్టి కుంగి కూలుతుంది. అప్పుడు గండి. ఆ తర్వాత అంచులు విరిగి పడుతూనే ఉంటాయి, గంటగంటకీ వెడల్పవుతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరుకు మూడు గండ్లు పడితే విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. ఆర్మీ వాళ్లొచ్చి, ఇనుప బుట్టల్లో రాళ్లు నింపి పేర్చాల్సి వచ్చింది.

ఇంత బరువున్న మాట అది. అందుకే దాన్ని వేరే చోట వాడేముందు నేనొకటి చూసుకుంటాను: అక్కడ నిల్వ ఉందా, దానికో కట్ట ఉందా, ఆ కట్ట తెగి సొమ్ము బయటికి పోతోందా? ఖజానాకు గండి అంటే ఈ మూడూ ఉన్నాయి. ఓటు బ్యాంకుకు గండి అన్నా అంతే, కూడబెట్టుకున్న ఓట్లు అవతలికి పారిపోతున్నాయి. భవితలో ఏం నిల్వ ఉంది? ఆ ఊళ్లో పిల్లలకి లెక్కల టీచర్ లేక ఏడాది పోయింది, అంతేగా. అదే రాయి. 'ఏడాదిగా లెక్కల టీచర్ లేరు' అంటే చదివినవాడి గుండె గుభేలుమంటుంది. గండి అనగానే పేజీ తిప్పేస్తాడు, ఎందుకంటే ఆ పేజీలోనే ఇంకో రెండు గండ్లు ఉంటాయి.

ఇంకోటి, నాకు దీని మీదే ఎక్కువ పట్టింపు. గండి పడుతుంది, గండి కొడతారు. పడితే వాన, పాత కట్ట, ఎలుక బొరియలు. కొడితే మనిషి, చేతిలో పార. ఆదాయం విషయంలో మనం ఎప్పుడూ 'కొట్టారు' అనే రాస్తాం, కాబట్టి చేతికి అదే అలవాటవుతుంది. ఆ అలవాటు చెరువు వార్తలోకి వచ్చిందా, ప్రమాదం.

నేను కంట్రిబ్యూటర్‌గా, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరిగా ఉన్న రోజుల్లో ఒక చెరువు కట్ట రాత్రికి రాత్రి తెగింది. కింది ఊరి వాళ్లు ఆవేశంగా చెప్పింది విని 'పై ఊరి వాళ్లు గండి కొట్టారు' అని రాసి పంపాను. తమ పొలాలు మునుగుతున్నాయని తెంపేశారట. తెల్లారి పేపర్ రాగానే రెండు ఊళ్ల వాళ్లూ కర్రలు పట్టుకున్నారు. వారం తర్వాత నీళ్లు తగ్గాక ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజనీర్ తూము పక్కన పాత బుంగ జాడ చూపించాడు. ఎవరూ కొట్టలేదు. సవరణ వేశాం, లోపలి పేజీలో నాలుగు లైన్లు. ఆ ఊళ్ల మధ్య రెండేళ్లు పెళ్లి పిలుపులు ఆగిపోయాయి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

నీ మొదటి వార్తలో హెడ్డింగ్ 'గండి పడింది' అంటోంది, లోపల మూడో పేరాలో 'గండి కొట్టారని స్థానికులు అంటున్నారు' అని ఉంది. ఏది నిజం? ఆ స్థానికులు ఎవరు, కాలువకు ఏ పక్కవాళ్లు? రేపు మళ్లీ వెళ్లు. ఆ కాలువ మీద కాపలా తిరిగే లష్కర్‌ని పట్టుకో, ఆఫీసులో కూర్చున్నవాళ్లకంటే అతనికే బాగా తెలుస్తుంది. తెగడానికి ముందు రోజు కట్ట వెనక చెమ్మ కనిపించిందా, నీళ్లు తేటగా వచ్చాయా బురదగా వచ్చాయా అడుగు. ఏం చెప్పాడో రాసి పంపు, ఎదురు చూస్తుంటాను.

నీ
అన్నయ్య