టెక్ సందేహాలు: ఫైటింగ్ గేమ్‌లో మన మెయిన్ ఎవరు?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫైటింగ్ గేమ్‌ల గురించే. అడిగిన తీరు వేరైనా చాలామంది తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తున్నారు: ఏ క్యారెక్టర్‌ని మెయిన్‌గా, అంటే ఎప్పుడూ ఆడే మనిషిగా పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి. అందుకే ఈ వారం మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: స్ట్రీట్ ఫైటర్ 6 మొదలుపెట్టి మూడు నెలలు దాటింది. టియర్ లిస్టు (క్యారెక్టర్లను బలాన్ని బట్టి వరుస పెట్టిన జాబితా) చూసి కెన్‌ని తీసుకున్నాను. తర్వాత క్యామీ, ఆ తర్వాత జేపీ, మధ్యలో కొన్నాళ్లు జూరీ. ఎవరితో ఆడినా సిల్వర్ ర్యాంకు దగ్గరే ఆగిపోతున్నాను. నాకు సరిపోయే మెయిన్ ఎవరో ఎలా తెలుస్తుంది?

మీరు పేరు పెట్టిన నలుగురినీ ఒకసారి చూడండి. 2023 ఎవోలో (ఫైటింగ్ గేమ్‌ల పెద్ద పోటీ) ఆంగ్రీబర్డ్ అనే ఆటగాడు గెలిచింది కెన్‌తో. 2024 ఎవోలో పంక్ అనే ఆటగాడు గెలిచింది క్యామీతో. అదే ఏడాది, గేమ్ తయారీదారు నడిపే క్యాప్‌కామ్ కప్‌లో తైవాన్ ఆటగాడు ఉమా 10 లక్షల డాలర్లు గెలుచుకున్నది జూరీతో. 2025 క్యాప్‌కామ్ కప్‌ను జపాన్ ఆటగాడు కకేరు జేపీతో కొట్టాడు. మీ చేతిలోకి వచ్చిన నలుగురూ ప్రపంచ స్థాయి టైటిళ్లు తెచ్చిపెట్టినవాళ్లే. కాబట్టి మీ ఆటకు ఉన్న లోటు క్యారెక్టర్ బలంలో లేదు.

టియర్ లిస్టు తప్పని నేను అనను. రెండు వైపులా ఆడేవాళ్లు తమ క్యారెక్టర్‌తో చేయగలిగినదంతా చేస్తే మొగ్గు ఎవరికి ఉంటుందో అది చెబుతుంది. సిల్వర్‌లో మ్యాచ్‌లు అలా తేలవు. ఎదుటివాళ్లు గాల్లోకి ఎగిరి వస్తుంటే కింద నుంచి కొట్టకపోవడం, డ్రైవ్ ఇంపాక్ట్ (నెమ్మదిగా వచ్చే బలమైన దెబ్బ) వస్తుంటే చూస్తూ ఉండిపోవడం, షోర్యుకెన్‌ని (పైకి లేచే పిడిగుద్దు) బ్లాక్ చేసి కూడా తిరిగి కొట్టకుండా వదిలేయడం, డ్రైవ్ గేజ్‌లో (ప్రత్యేక కదలికలకు ఖర్చయ్యే శక్తి పట్టీ) ఆరు గడులూ ఖర్చుపెట్టేసి బర్నౌట్‌లో, అంటే ఆ శక్తి ఖాళీ అయిన స్థితిలో పడటం. ఈ నాలుగింటితోనే సగం ఓటములు వస్తాయి. కెన్‌తో ఆడినా వస్తాయి, లిలీతో ఆడినా వస్తాయి. పైగా ఈ గేమ్‌లో ర్యాంకు ఒక్కో క్యారెక్టర్‌కి విడిగా ఉంటుంది. కొత్త క్యారెక్టర్‌ని తీసుకున్న ప్రతిసారీ దాని ర్యాంకును మళ్లీ కొత్తగా తేల్చుకోవాల్సిందే.

మరి దేన్ని చూసి ఎంచుకోవాలి? దూరాన్ని చూసి అంటాను. ఎదుటివాళ్లకు ఎంత దూరంలో నిలబడితే మీకు ఊపిరి ఆడినట్టుంటుంది? స్క్రీన్ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆటను నడిపించేవాళ్లు ఉన్నారు: జేపీ, గైల్, ధాల్సిమ్. అడుగు దూరంలో ఉంటే తప్ప పని జరగనివాళ్లు ఉన్నారు: జాంగీఫ్, మానన్. ఒక్క దెబ్బ తగిలితే చాలు, మీద పడి ఊపిరి తీసుకోనివ్వనివాళ్లు క్యామీ, కింబర్లీ లాంటివాళ్లు. అన్ని దూరాల్లోనూ ఏదో ఒకటి చేయగలిగేవాళ్లు ర్యూ, కెన్, ల్యూక్.

ఒక్క సన్నివేశం దగ్గరగా చూద్దాం. మీరు జాంగీఫ్, అటు గైల్. రౌండ్ మొదలైంది, గైల్ దూరం నుంచి విసిరే సోనిక్ బూమ్ వచ్చింది. ప్యారీ చేశారు (దెబ్బను పక్కకు నెట్టి ఆపారు), ఒక అడుగు వేశారు. ఇంకో సోనిక్ బూమ్. బ్లాక్ చేశారు, మళ్లీ ఒక అడుగు. ఎగిరితే పైకి తన్నే ఫ్లాష్ కిక్ కాచుకుని ఉంది, ఎగరలేదు. గైల్ వెనక్కి జరిగాడు, కానీ వెనక జాగా అయిపోతోంది. మామూలు క్యారెక్టర్లకు ప్రాణం 10,000 అయితే మీకు 11,000. ఆ వెయ్యి అదనంగా ఉన్నా, బ్లాక్ చేసిన ప్రతిసారీ డ్రైవ్ గేజ్‌ను కొంచెం కొంచెంగా చెల్లిస్తూ ముందుకు పోతున్నారు. ఇంకో అడుగు పడితే, పట్టుకుని ఎత్తి కుదేసే స్క్రూ పైల్‌డ్రైవర్ అందుతుంది. ఆ సంగతి మీకూ తెలుసు, అవతలివాళ్లకూ తెలుసు. ఇప్పుడు వాళ్లు ఎగురుతారా, కొడతారా, లేక బ్లాక్ చేస్తూ బిగుసుకుపోతారా?

ఈ 20 సెకన్లూ చదువుతుంటే మీకు చిరాకు వేసిందా, గుండె కొట్టుకుందా? చిరాకు వేస్తే గ్రాప్లర్లు, అంటే దగ్గరికొచ్చి పట్టుకుని విసిరే క్యారెక్టర్లు, మీకు కాదు. ఆ చివరి అడుగు కోసం మనసు లాగితే, ఎన్ని లిస్టులు జాంగీఫ్‌ని ఎక్కడ పెట్టినా మీరు ఆయన మనిషే. గైల్ వైపు నుంచి చూసి, దగ్గరికి రానివ్వకుండా నిలబెట్టడంలోనే మీకు తృప్తి కలిగితే అదీ జవాబే.

పరీక్ష ఇలా చేయండి. ఒక్కో రకం నుంచి ఒకరిని, మొత్తం నలుగురిని తీసుకోండి. ఒక్కొక్కరికి ఒక సాయంత్రం. పెద్ద కాంబోల (వరుసగా కలిపి కొట్టే దెబ్బలు) జోలికి వెళ్లకండి. ఎగిరి వచ్చేవాళ్లను దించే దెబ్బ ఏది, బ్లాక్ చేశాక తిరిగి కొట్టేది ఏది, మధ్య దూరంలో ధైర్యంగా వాడగల బటన్ ఏది, ఈ మూడూ ట్రైనింగ్ మోడ్‌లో చూసుకుని పది మ్యాచ్‌లు ఆడండి. గెలుపులు లెక్కపెట్టకండి. ఓడిన ప్రతిసారీ మీ నోటి వెంట వచ్చే మొదటి మాట వినండి. ‘అవతలి క్యారెక్టర్ మరీ అన్యాయం’ అని వస్తే ఒక లెక్క. ‘అక్కడ ఆగి ఉండాల్సింది’ అని వస్తే ఇంకో లెక్క. ఎవరితో ఓడినప్పుడు రీప్లే తెరిచి చూడాలనిపిస్తుందో వాళ్లే మీ మెయిన్.

నాకు ఇది ధాల్సిమ్ దగ్గర తెలిసింది. అంతకుముందు చాలాకాలం, అందరూ బలమైనదన్న క్యారెక్టర్‌తో ఆడాను. ఎక్కువే గెలిచేవాణ్ని, కానీ ఆట అయ్యాక ఒక్క మ్యాచ్ కూడా గుర్తుండేది కాదు. ధాల్సిమ్‌తో వరుసగా ఓడిపోయిన రాత్రి నిద్ర మానుకుని, చెయ్యి చాచింది ఎక్కడ ఒక్క క్షణం ఆలస్యమైందో వెతుక్కున్నాను. ఆ తర్వాత మళ్లీ మార్చలేదు.

ఇంకొకటి. రూపం, గొంతు, నడక, పాట చూసి ఎంచుకోవడం తక్కువ పని అనుకోకండి. వందల గంటలు ఎదురుగా చూసే మనిషి ముందు కంటికి నచ్చాలి. 2014 ఎవోలో అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 టైటిల్‌ను ఫ్రాన్స్ ఆటగాడు లఫీ గెలిచింది రోజ్‌తో.  ఆయన చేతిలో ఉన్నది మొదటి ప్లేస్టేషన్ నాటి ప్యాడ్. ఏళ్ల తరబడి ఒకే క్యారెక్టర్‌ని అరగదీసినవాళ్లకు ఎదుటివాళ్లు ఊహించని జవాబులు దొరుకుతాయి.

ప్రశ్న: మోడర్న్ కంట్రోల్స్‌తో (ఒక్క బటన్‌తో స్పెషల్ మూవ్‌లు వచ్చే పద్ధతి) ఆడితే అది నిజమైన ఆట కాదని స్నేహితులు అంటున్నారు. క్లాసిక్‌కి (దిక్కులు తిప్పి మూవ్‌లు వేసే పాత పద్ధతి) మారాకే మెయిన్‌ని ఎంచుకోవాలా?

అవసరం లేదు. మోడర్న్‌ను గేమ్ తయారుచేసిన క్యాప్‌కామే పెట్టింది, వాళ్ల టోర్నమెంట్లలోనూ దానికి అనుమతి ఉంది. దానికి కట్టాల్సిన ధర కూడా వాళ్లే పెట్టారు: ఒక్క బటన్‌తో వేసిన స్పెషల్ మూవ్‌కు డ్యామేజ్ 20 శాతం తగ్గుతుంది, మామూలు దెబ్బల్లో కొన్ని అసలు దొరకవు. బదులుగా ఎగిరి వచ్చేవాళ్ల మీద షోర్యుకెన్ క్షణంలో పడుతుంది.

మెయిన్ విషయంలో మాత్రం ఒకటి చూసుకోండి. ఆ దొరకని దెబ్బలు ఒక్కో క్యారెక్టర్‌కి ఒక్కోలా ఉంటాయి. మీకు నచ్చిన క్యారెక్టర్ మూవ్ లిస్టును మోడర్న్‌లో ఒకసారి, క్లాసిక్‌లో ఒకసారి తెరిచి పోల్చండి. మీరు రీప్లేల్లో చూసి ముచ్చటపడిన దెబ్బే మోడర్న్‌లో లేకపోతే అప్పుడు క్లాసిక్ గురించి ఆలోచించండి.

ప్రశ్న: పెద్ద టీవీ మీద ఆడుతున్నాను. డ్రైవ్ ఇంపాక్ట్ కనిపించిన వెంటనే నొక్కినా ఎప్పుడూ ఆలస్యమే. నా మెయిన్ మారిజా మరీ నిదానం. వేగంగా ఉండే క్యారెక్టర్‌కి మారితే బాగుపడుతుందా?

మారిజాను వదలకండి, ముందు టీవీ సంగతి చూద్దాం. మ్యాచ్ సెకనుకు 60 ఫ్రేమ్‌లతో (బొమ్మలతో) నడుస్తుంది, అంటే ఒక్కో ఫ్రేమ్ సుమారు 16.7 మిల్లీసెకన్లు. డ్రైవ్ ఇంపాక్ట్ తగలడానికి 26 ఫ్రేమ్‌లు పడుతుంది, అంటే దాదాపు 433 మిల్లీసెకన్లు. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పోతాయి. అదీ దాని కోసమే ఎదురుచూస్తున్నప్పుడు. మ్యాచ్ మధ్యలో వేరే ఆలోచనలో ఉంటే ఇంకా ఎక్కువ. ఇక టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుతూ 100 మిల్లీసెకన్లు మింగిందనుకోండి, ఆరు ఫ్రేమ్‌లు అక్కడే పోయాయి. మిగిలినది ఎంతో మీరే చూడండి. అందులో మీ చేతి తప్పు లేదు. క్యామీని తీసుకున్నా డ్రైవ్ ఇంపాక్ట్ వేగం అందరికీ అంతే.

టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. కొన్ని టీవీల్లో అది ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడిగా ఉంటుంది కాబట్టి కన్సోల్ పెట్టిన పోర్టుకే ఆన్ అయిందో లేదో చూడండి. కదలికలను నునుపు చేసే సెట్టింగులన్నీ ఆపేయండి. గేమ్‌లోనూ ఇన్‌పుట్ డిలే రిడక్షన్ అనే సెట్టింగు ఉంది, దాన్ని ఆన్ చేయండి. పీసీ మీద అయితే వీసింక్ (ఫ్రేమ్‌లను స్క్రీన్ వేగంతో కలిపే సెట్టింగు) తీసేసి చూడండి. ఆ తర్వాత ట్రైనింగ్ మోడ్‌లో డమ్మీ చేత ఒకసారి డ్రైవ్ ఇంపాక్ట్, ఒకసారి మామూలు దెబ్బ వేసేలా రికార్డు చేసి, రెండూ కలగాపులగంగా వచ్చేలా పెట్టి సాధన చేయండి. పదిలో ఏడు ఆపగలిగితే టీవీ బాగుపడినట్టే.

వైఫై మీద ఆడేవాళ్లకూ ఇదే మాట. రోల్‌బ్యాక్ నెట్‌కోడ్ (ఆన్‌లైన్ ఆలస్యాన్ని ఊహించి సర్దే పద్ధతి) దూరాన్ని చాలావరకు కప్పిపుచ్చుతుంది, కానీ ఆగి ఆగి వచ్చే సిగ్నల్‌ను పూర్తిగా సరిచేయలేదు. కుదిరితే కేబుల్ పెట్టుకోండి.

ప్రశ్న: మా తమ్ముడు ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే ఆడతాడు. ప్యాడ్ కొనాలా, లేక కీబోర్డుకు సరిపడే క్యారెక్టర్‌ని ఎంచుకోమనాలా?

కొనే ముందు ఒక్క పరీక్ష చేయించండి. నోట్‌ప్యాడ్ తెరిచి, తను గేమ్‌లో వాడే అక్షరాల కీలు మూడు, నాలుగు ఒకేసారి నొక్కమనండి. కొన్ని ల్యాప్‌టాప్ కీబోర్డులు కొన్ని కలయికల్లో మూడో కీని పట్టించుకోవు. ఆ లోపం కనిపిస్తే కీలు మార్చి చూడాలి, అప్పటికీ కుదరకపోతే మాత్రమే ప్యాడ్. అన్నీ పడుతుంటే కీబోర్డు మంచి సాధనమే. పెద్ద టోర్నమెంట్లలో ఆడేవాళ్లు వాడే లివర్‌లెస్ కంట్రోలర్లలోనూ దిక్కులకు కర్ర ఉండదు, బటన్లే ఉంటాయి. గైల్ లాంటి చార్జ్ క్యారెక్టర్లు (ఒక దిక్కును కాసేపు నొక్కి పట్టి దెబ్బ వేసేవాళ్లు) కీబోర్డు మీద చేతికి హాయిగా ఉంటాయి. చుట్టూ తిప్పాల్సిన జాంగీఫ్‌కు మొదట్లో కాస్త ఓపిక కావాలి.

ప్రశ్న: కొత్త ప్యాచ్‌లో (గేమ్ అప్‌డేట్‌లో) నా మెయిన్‌ని నెర్ఫ్ చేశారు, అంటే బలం తగ్గించారు. మార్చేయాలా?

ప్యాచ్ నోట్స్‌లో తగ్గించిన దెబ్బల పేర్లు రాసుకుని, మీ పాత రీప్లేలు ఐదు తెరవండి. ఆ దెబ్బలు నిజంగా ఎన్నిసార్లు వాడారో, వాటితో ఎన్ని రౌండ్లు గెలిచారో చూడండి. చాలామందికి ఆ లెక్క ఒకటో రెండో వస్తుంది. డబ్బు పెట్టి కొత్త డీఎల్‌సీ (విడిగా కొనే) క్యారెక్టర్‌కి మారాలనుకుంటే, స్ట్రీట్ ఫైటర్ 6లో కొద్దిసేపు ఆడించే రెంటల్ టికెట్లు ఉన్నాయి. ముందు అది వాడి చూడండి.

ప్రశ్న: టెక్కెన్ 8లో నాకు కజుయా అంటే ప్రాణం. కానీ ఎలక్ట్రిక్ (ఆయన మెరుపు పిడిగుద్దు) నా చేతికి రావడం లేదు, పదిలో ఒకటి పడితే గొప్ప. విడియోల్లో అందరూ అది రాకపోతే కజుయా వద్దంటున్నారు. వదిలేయాలా?

వద్దు. మీ ప్రశ్నలో మొదటి వాక్యమే మీకు జవాబు చెప్పేసింది.

ఎలక్ట్రిక్ ఎందుకు కష్టమో తెలిస్తే దారి దొరుకుతుంది. ముందుకు నొక్కాలి, వదలాలి, కిందకు, ఆ వెంటనే కింద-ముందు మూల. ఆ మూల పడిన ఫ్రేమ్‌లోనే కుడి పిడికిలి బటన్ కూడా పడాలి. ఒక్క ఫ్రేమ్ ఆలస్యమైనా మామూలు విండ్ గాడ్ ఫిస్ట్ వస్తుంది. మెరుపు మెరిస్తే ఎలక్ట్రిక్. దాన్ని అవతలివాళ్లు బ్లాక్ చేసినా తర్వాతి వంతు మనదే. మెరుపు లేని దాన్ని బ్లాక్ చేస్తే తిరిగి కొట్టే అవకాశం వాళ్లకు దొరుకుతుంది. అందుకే అంత పట్టుబడతారు.

ఇన్‌పుట్ డిస్‌ప్లే ఆన్ చేసి నెమ్మదిగా వేయండి. మూల బాణం ఒక వరుసలో, పిడికిలి కింది వరుసలో విడిగా కనిపిస్తే బటన్ ఆలస్యమైనట్టు. రెండూ ఒకే వరుసలో రావాలి. వచ్చేదాకా వేగం పెంచకండి. ఎడమ వైపు నిలబడి ఇరవై, కుడి వైపు నిలబడి ఇరవై. రోజుకు అంతే, వేళ్లు నొప్పి పుట్టేదాకా వద్దు.

ఈలోగా మ్యాచ్‌ల్లో దాన్ని వాడకుండానే ఆడండి. కజుయా దగ్గర కింద నుంచి కాళ్లు లాగేసే హెల్ స్వీప్ ఉంది, దాన్ని ఆపడానికి వంగినవాళ్లను కొట్టే మిడ్ దెబ్బలు ఉన్నాయి. వంగాలా, నిలబడాలా అని ఎదుటివాళ్లను తికమక పెట్టడమే ఆయన ఆట. అది ఎలక్ట్రిక్ లేకుండా కూడా నేర్చుకోవచ్చు. ఓడిన మ్యాచ్‌ను టెక్కెన్ 8 రీప్లేలో తెరిస్తే మధ్యలో ఆపి, కంట్రోల్ మీరే తీసుకుని అక్కడి నుంచి ఆడొచ్చు. ఎక్కడ దెబ్బ తిన్నారో అక్కడే ఆపి, నిలబడి ఒకసారి, వంగి ఒకసారి ప్రయత్నించండి. నెల తర్వాత ఇరవైలో ఎన్ని మెరుపులు పడుతున్నాయో నాకు తప్పక రాయండి.