ఆసుపత్రి బిల్లు సరే, ఆ తర్వాతి నెలల సంగతి?

ప్రశ్న: మాది కావలి. మా వారు రొయ్యల చెరువులకు మేత సరఫరా చేస్తారు. రోజూ హైవే మీద బైక్‌లోనే తిరుగుడు. ఈమధ్య మా బంధువుల అబ్బాయిని లారీ గుద్దింది. తొడ ఎముక విరిగి, తలకు దెబ్బ తగిలి, నెల్లూరు నుంచి చెన్నై తీసుకెళ్లారు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టారు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. మాకు రైస్ కార్డు, నాలుగు లక్షల ఎఫ్‌డీ, పది సవర్ల బంగారం ఉన్నాయి. ఇంకా ఇన్సూరెన్స్ అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా. కార్డు మంచిదే. ఎన్టీఆర్ వైద్య సేవలో (మనమింకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం) యాక్సిడెంట్ గాయాలకు వైద్యం ఉంది, కానీ జాబితాలో ఉన్న ఆసుపత్రిలోనే. కార్డు ఉన్నా లేకపోయినా, 2025 మే నుంచి కేంద్ర పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో యాక్సిడెంట్ రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం చేస్తారు. తలకు ఆపరేషన్, ఐసీయూ అంటే ఆ లక్షన్నర ఎంతసేపు? ముందు 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చాలి. పెద్ద ఊరికి మార్చాలా అన్నది డాక్టరు చెప్పాలి. అక్కడ మన కార్డు చెల్లుతుందా అని మాత్రం అంబులెన్స్ కదిలేలోపే అడగండి.

ఇంటిల్లిపాదికీ పది లక్షల హెల్త్ పాలసీ తీసుకోండి. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు క్లెయిమ్ ఇవ్వరు గానీ, ప్రమాదాలకు ఆ ఆగుడు వర్తించదు. గది అద్దెకు పరిమితి లేనిదే చూసుకోండి. పరిమితి ఉండి, దాన్ని మించిన గది తీసుకుంటే గది అద్దెతో పాటు మిగతా బిల్లులోనూ కోత పెడతారు.

నా దిగులంతా డిశ్చార్జ్ తర్వాతి సంగతే. తొడకు రాడ్ వేసిన మనిషి మళ్లీ బైక్ ఎక్కడానికి నెలలు పడుతుంది. మీ వ్యాపారంలో చెరువులో రొయ్యలు పట్టి అమ్మేదాకా మేత అరువుకే కదా ఇస్తారు! ఎవరు ఎంత బాకీ అన్నది ఆయన ఫోన్‌లోనో బుర్రలోనో ఉంటే, మంచం మీద ఉన్న మనిషి బదులు వసూలుకు ఎవరు వెళ్తారు? ఈ వారమే ఆ లెక్క పుస్తకంలోకి ఎక్కించి మీరు కూడా చూడండి.

బైక్‌కు 15 లక్షల ప్రమాద బీమా ఉందిగా అంటారేమో. అది మరణానికి, శాశ్వత వైకల్యానికే. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా అంతే. (అయినా అది తీసుకోండి, 20 రూపాయలకు బేరమెందుకు?) మంచాన పడ్డ కాలానికి వారం వారం డబ్బిచ్చే ప్రమాద పాలసీ వేరే ఉంది, అది అడిగి తీసుకోండి.

ఎఫ్‌డీ కదపొద్దు. ప్రీమియం నెలవారీగా కట్టొచ్చు. అయితే ఆ ఎఫ్‌డీ ఆయన ఒక్కరి పేరు మీదే ఉందా? ఉంటే ఆయన ఐసీయూలో ఉన్నప్పుడు మీ చేతికి రాదు. గడువుకు ముందు కూడా ఇద్దరిలో ఎవరైనా తీసుకునే వీలుందా అని బ్యాంకులో అడిగి అలా మార్పించండి. అవసరం పడితే బంగారం బ్యాంకులో పెట్టండి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం!

మీ బంధువులకు ఒక మాట చెప్పండి. తప్పు లారీదైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయొచ్చు. ఆరు నెలల లోపే వేస్తే చిక్కుండదు. ఆగిపోయిన సంపాదన కూడా అడగొచ్చు. ఎఫ్ఐఆర్, డిశ్చార్జ్ సమ్మరీ, ఫిజియోథెరపీ రసీదులు అన్నీ దాచమనండి. లారీ ఆచూకీ దొరక్కపోయినా తీవ్ర గాయానికి ప్రభుత్వం 50 వేలు ఇస్తుంది.